మైన్‌క్రాఫ్ట్, టెరారియా, వాల్‌హైమ్: కట్టిన గోడ కొట్లాటలో పనికొస్తుందా?

నమస్తే అందరికీ. తిరుపతి నుంచి ఇంకో రివ్యూ వీడియో. ఈరోజు మూడు శాండ్‌బాక్స్ గేములు పక్కపక్కన పెట్టి చూద్దాం. మైన్‌క్రాఫ్ట్, టెరారియా, వాల్‌హైమ్. మూడిట్లోనూ చెట్టు కొట్టాలి, రాయి తవ్వాలి, పనిముట్లు చేసుకోవాలి, ఇల్లు కట్టాలి, చీకటి పడితే కొట్లాడాలి. పైపైన చూస్తే మూడూ ఒకటే. లోపలికి పోతే మూడింటి బుద్ధులూ వేరు.

ఎన్ని కత్తులున్నాయి, గ్రాఫిక్స్ ఎట్లా ఉన్నాయి అనేది ఈ వీడియోలో కొలత కాదు. మన కొలత ఒక్కటే: మీరు కష్టపడి కట్టింది మీ కొట్లాటకు ఏం సాయం చేస్తుంది? గోడ కట్టడం ఒక పని, కత్తి తిప్పడం ఇంకో పని అన్నట్టు రెండూ విడివిడిగా ఉంటే ఆ గేమ్ సగమే అల్లినట్టు లెక్క.

కట్టడానికి పరీక్షగా మన చంద్రగిరి రాజమహల్ తీసుకున్నాం. మూడంతస్తులు, కమానులు, పైన గోపురాలు. రాయి, ఇటుక, సున్నం తప్ప ఎక్కడా కలప లేకుండా కట్టిన మహల్ అది. ఆ కలప లేని సంగతి గుర్తు పెట్టుకోండి, వాల్‌హైమ్ దగ్గరికొచ్చేసరికి అదే పెద్ద చిక్కు అవుతుంది.

ముందు మైన్‌క్రాఫ్ట్. 2011 నవంబర్ 18న పూర్తి వెర్షన్ వచ్చింది. ఇసుక, గ్రావెల్, కాంక్రీట్ పౌడర్ లాంటి కొన్ని తప్ప ఏ బ్లాకూ కింద పడదు. గాల్లో పెట్టినా అట్లాగే నిలబడుతుంది. కాబట్టి రాజమహల్ కట్టడానికి ఇంతకంటే సులువైన గేమ్ లేదు. కమాను వంపుకు మెట్ల బ్లాకుల్ని తలకిందులుగా పెట్టండి, రెండు వైపుల నుంచి ఎదురెదురుగా వస్తే వంపు కుదిరిపోతుంది.

కానీ ఇటుకల లెక్క చూసుకోండి. ఒక క్లే బ్లాకు తవ్వితే నాలుగు మట్టి ఉండలొస్తాయి. ఒక్కో ఉండను ఫర్నేస్‌లో కాలిస్తే ఒక ఇటుక, నాలుగు ఇటుకలు కలిపితే ఒక బ్లాకు. ఒక్కో కాల్పుకు 10 సెకన్లు. 64 ఇటుక బ్లాకులు కావాలంటే 256 ఉండలు కాల్చాలి, 32 బొగ్గులు పోతాయి, ఒక్క ఫర్నేస్ మీద 43 నిమిషాల దాకా పడుతుంది. అదే కాబుల్‌స్టోన్‌ను కాల్చి రాయి చేసి, నాలుగు రాళ్లకు నాలుగు స్టోన్ బ్రిక్స్ చేసుకుంటే 64 బ్లాకులకు 8 బొగ్గులు, దాదాపు 11 నిమిషాలు. అందుకని గోడలన్నీ స్టోన్ బ్రిక్స్‌తో లేపి, ఎర్ర ఇటుకను కమానుల అంచులకు మాత్రం వాడండి. ఫర్నేస్‌కు 8 కాబుల్‌స్టోన్ చాలు, కాబట్టి నాలుగైదు వరసగా పెట్టుకుని పని పంచేయండి.

కొట్లాటలో ఈ మహల్ ఏం చేస్తుంది? నిజం చెప్పాలంటే మైన్‌క్రాఫ్ట్‌లో మిమ్మల్ని కాపాడేది గోడ కాదు, వెలుతురు. 2021 నవంబర్‌లో వచ్చిన 1.18 అప్‌డేట్ నుంచి జాంబీలు, దగ్గరికొచ్చి పేలిపోయే క్రీపర్లు లాంటివి బ్లాక్ లైట్ (టార్చి లాంటి బ్లాకులు ఇచ్చే వెలుతురు) సున్నా ఉన్న చోటే పుడతాయి. అంతకుముందు 7, అంతకంటే తక్కువ ఉంటే చాలు పుట్టేవి. పాత వీడియోలు చూసి అడుగడుగునా టార్చిలు గుచ్చేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, ఇప్పుడు ఆ అవసరం లేదు. టార్చి వెలుగు 14, ఒక్కో బ్లాకు దూరానికి ఒకటి తగ్గుతుంది. చదునైన నేల మీద అటూ ఇటూ 12 బ్లాకులకు ఒక టార్చి పెడితే మధ్యలో ఎక్కడా సున్నా రాదు. గోడ అడ్డమొస్తే వెలుతురు ఆగిపోతుంది, కాబట్టి ప్రతి గదినీ విడిగా లెక్కేసుకోవాలి. మిద్దె పైభాగం మర్చిపోతారు చాలామంది. పైన చీకటిగా వదిలేస్తే క్రీపర్ అక్కడే పుట్టి, తెల్లారి మీరు తలుపు తీయగానే నెత్తిన దూకుతుంది.

సాలీళ్లు గోడ ఎక్కేస్తాయి. గోడ పైన ఒక బ్లాకు బయటికి పొడుచుకొచ్చేట్టు చూరు పెడితే అక్కడ ఆగిపోతాయి. హార్డ్ అనే కష్టమైన స్థాయిలో ఆడుతుంటే చెక్క తలుపును జాంబీ పగలగొట్టగలదు, ఇనుప తలుపు పెట్టుకోండి. క్రీపర్ బుస్సుమన్నాక పేలడానికి ఒకటిన్నర సెకను టైముంది, ఆ లోపల వెనక్కి తగ్గితే ఆగిపోతుంది. అది నీళ్లలో నిలబడి పేలితే గోడలు చెదరవు, కాబట్టి గోడ చుట్టూ నీళ్ల కాలువ తవ్వితే లాభమే.

కత్తి సంగతి. కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌లో 1.9 అప్‌డేట్ నుంచి కూల్‌డౌన్, అంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆగాల్సిన టైమ్, ఉంది. కత్తికి దాదాపు 0.6 సెకను ఆగి కొడితేనే పూర్తి దెబ్బ. మౌస్ టకటకా నొక్కితే దెబ్బ బలం పడిపోతుంది. బెడ్‌రాక్‌లో, అంటే ఫోన్లలో ఉండేదాంట్లో, ఈ కూల్‌డౌన్ లేదు. ఫోన్‌లో ఆడి కంప్యూటర్‌కు మారినవాళ్లు జావాలో చచ్చిపోయేది ఎక్కువగా ఇందుకే. ఎగిరి కింద పడుతూ కొడితే దెబ్బ ఒకటిన్నర రెట్లు. ఆరు పలకలు, ఒక ఇనుప కడ్డీతో డాలు చేసుకుంటే అస్థిపంజరాల బాణాలు మీ మీదికి రావు. మంచాన్ని నెదర్ అనే మంటల లోకంలోకి మాత్రం పట్టుకుపోయి పడుకోవద్దు, పేలిపోతుంది.

మొత్తానికి మైన్‌క్రాఫ్ట్‌లో కట్టడం గొప్పగా ఉంటుంది, కొట్లాట పలచగా ఉంటుంది. రెండింటికీ మధ్య వంతెన టార్చి ఒక్కటే.

ఇక టెరారియా. 2011 మే 16న వచ్చింది, రీలాజిక్ అనే అమెరికా కంపెనీది. పక్క నుంచి కనబడే 2డీ గేమ్. రాజమహల్ ఇక్కడ ముందు ముఖం వరకే కడతారు, లోతు ఉండదు. సుత్తితో కొడితే బ్లాకు ఏటవాలుగా, సగంగా మారుతుంది కాబట్టి కమానులు బాగానే కుదురుతాయి. వెనక గోడలకు ఒక బ్లాకుతో నాలుగు గోడ ముక్కలు వస్తాయి. అందం కోసమైతే ఇంతే.

టెరారియాను కట్టడాల గేమ్‌గా చూస్తే తక్కువ మార్కులు వేస్తారు. కానీ మన కొలత అది కాదు కదా. యుద్ధం కోసం కట్టడంలో ఈ గేమ్‌ను కొట్టేది మిగతా రెండిట్లో లేదు. ఉదాహరణకు మొదటి పెద్ద బాస్ (అంటే ముఖ్యమైన పెద్ద శత్రువు), ఐ ఆఫ్ కథూలూ అనే ఎగిరే పెద్ద కన్ను. క్లాసిక్ అనే మామూలు స్థాయిలో దీని హెల్త్ 2800. దీన్ని ఎట్లా ఎదుర్కోవాలో వరసగా చెప్తా.

ముందు ఆరీనా, అంటే కొట్లాటకు వేదిక, కట్టండి. గోడలు వద్దు, ఆ కన్ను గోడల్లోంచి దూసుకొస్తుంది. మీరు ఇరుక్కుంటారు, అది ఇరుక్కోదు. మీకు కావాల్సింది చెక్క ప్లాట్‌ఫారాలు. కింది నుంచి ఎగిరితే పైకి వెళ్లిపోతారు, కింద బటన్ నొక్కితే దిగిపోతారు. ఒక చెక్కకు రెండు ప్లాట్‌ఫారాలు. 100 వెడల్పులో మూడు వరసలకు 300 ప్లాట్‌ఫారాలు, అంటే 150 చెక్కలు. వరసకూ వరసకూ మధ్య ఎడం మీ ఎగురు అందేంతే ఉండాలి, ఆరు బ్లాకులు దాటితే మామూలు ఎగురుకు అందదు. మధ్యలో ఒక క్యాంప్‌ఫైర్ పెట్టండి: 10 చెక్కలు, 5 టార్చిలు. దాని దగ్గరున్నంత సేపూ హెల్త్ త్వరగా పెరుగుతుంది.

తర్వాత బాణాలు. ఒక చెక్క, ఒక రాయితో 25 బాణాలు. పది బాణాలకు ఒక టార్చి కలిపితే పది మంట బాణాలు. వందకు తగ్గకుండా పెట్టుకోండి. హెల్త్ 100తో మొదలవుతుంది, భూమి కింద దొరికే లైఫ్ క్రిస్టల్ ఒక్కోటి 20 పెంచుతుంది. 200కు తగ్గకుండా చేరుకున్నాకే పిలవండి. పిలవడానికి ఆరు లెన్సులతో డీమన్ ఆల్టర్ దగ్గర సస్పీషియస్ లుకింగ్ ఐ తయారు చేసుకోవాలి. రాత్రి మొదలవగానే, అంటే గేమ్ గడియారంలో 7:30కి వాడేయండి. రాత్రి మొత్తం తొమ్మిది నిమిషాలే. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: రాత్రి సగమయ్యాక పిలుస్తారు, కన్ను హెల్త్ కొంచెమే మిగిలుండగా తెల్లారిపోతుంది, అది ఎగిరి పోతుంది, లెన్సులు దండగ.

ఇంకో ముచ్చట. ఆరీనా పక్కనే నర్స్ అనే పాత్రకు ఇల్లు కట్టండి. డబ్బులిస్తే కొట్లాట మధ్యలోనే హెల్త్ నింపేస్తుంది. ఆమె రావాలంటే మర్చంట్ అనే అంగడివాడు ముందే ఉండాలి, మీరు లైఫ్ క్రిస్టల్ ఒక్కటైనా వాడుండాలి. ఇల్లు చెల్లాలంటే చట్రంతో కలిపి కనీసం 60 బ్లాకుల విస్తీర్ణం, అంటే బయటి కొలత 10 వెడల్పు, 6 ఎత్తు సరిపోతుంది. లోపల వెలుతురు ఒకటి, బల్ల ఒకటి, కుర్చీ ఒకటి, తలుపు ఒకటి. అన్నీ పెట్టినా ఎవరూ రాకపోతే తొంభై పాళ్లు తప్పు వెనక గోడలోనే ఉంటుంది. నేలలో సహజంగా ఉండే మట్టి గోడ లెక్కలోకి రాదు, మీ చేత్తో పెట్టిన గోడే కావాలి. ఇన్వెంటరీలో హౌసింగ్ గుర్తు దగ్గరున్న ప్రశ్నార్థకం బటన్ తీసుకుని గది మీద నొక్కితే ఏం లోటుందో అదే చెప్తుంది.

ఇట్లా చూసుకుంటే టెరారియాలో ఇల్లంటే వైద్యం, అంగడి, ఆయుధాల సప్లై. వాల్ ఆఫ్ ఫ్లెష్ అనే బాస్ దగ్గర ఇది ఇంకా ముదురుతుంది. పాతాళంలో లావా మీద కొన్ని వందల బ్లాకుల పొడుగున సమంగా రాతి వంతెన వేయాలి, ఎందుకంటే ఆ బాస్ ప్రపంచం ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మిమ్మల్ని తరుముతూ వస్తుంది, హెల్త్ తగ్గే కొద్దీ వేగం పెంచుతుంది. దాని హెల్త్ 8000. వంతెనలో ఒక్క చోట మెట్టు ఉన్నా కాలు తగులుకుంటుంది, అంతే సంగతులు. అది చచ్చాక హార్డ్‌మోడ్ అనే కష్టమైన దశ మొదలవుతుంది, హాలో, కరప్షన్ లాంటి నేలను మార్చేసే ప్రాంతాలు చుట్టూ పాకడం మొదలెడతాయి. అందుకని బాస్‌ను పిలవక ముందే మీ ఊరి చుట్టూ ఆరు బ్లాకుల వెడల్పున కందకం తవ్విపెట్టుకోండి. తర్వాత తవ్వుదాం అనుకుంటే నర్స్‌తో సహా ఊరంతా ఖాళీ చేయాల్సి రావచ్చు.

ఇప్పుడు వాల్‌హైమ్. స్వీడన్‌లోని ఐరన్ గేట్ చేసింది. 2021 ఫిబ్రవరి 2న ఎర్లీ యాక్సెస్‌లోకి, అంటే పూర్తి కాకముందే ఆడటానికి, వచ్చింది. పది మంది దాకా కలిసి ఆడొచ్చు. ఇక్కడ బరువు నిజం. కట్టే ప్రతి ముక్కకూ ఆధారం నేల నుంచి రావాలి. సుత్తి పట్టుకుని ముక్క మీద చూపు పెడితే రంగు తెలుస్తుంది: నేలకు ఆనితే నీలం, తర్వాత ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. ఎరుపు తర్వాత పెట్టింది విరిగి పడుతుంది.

మరి రాజమహల్? రాయి కట్టడానికి స్టోన్‌కటర్ కావాలి. దానికి 10 కలప, 4 రాళ్లు, 2 ఇనుము. ఆ రెండు ఇనుముల కోసం స్వాంప్ అనే బురద ప్రాంతంలో మునిగిన క్రిప్టులు (సమాధి గదులు) తెరవాలి, వాటి తాళంచెవి రెండో బాస్ ఎల్డర్‌ను చంపితేనే దొరుకుతుంది. అంటే రాతి గోడ ఒక్కటి లేపాలన్నా ముందు రెండు బాస్‌లు పడాలి. క్రాఫ్టింగ్‌ను కొట్లాటకు ఇంత గట్టిగా ముడేసిన గేమ్ ఇంకోటి ఈ వీడియోలో లేదు, నాకు వాల్‌హైమ్ నచ్చేది ఇందుకే.

ఇనుమొచ్చాక కూడా కలప లేకుండా మహల్ నిలబడదు. రాయి నిలువుగా ఎంతో ఎత్తు మోస్తుంది, అడ్డంగా మాత్రం దాదాపు మోయదు. మధ్యలో స్తంభం లేకుండా రాతి నేల పరిస్తే ఒకటి రెండు ముక్కలకే ఊడి పడుతుంది. మార్గం ఏంటంటే, ఇనుము తొడిగిన కలప దూలాలను ముందు అస్థిపంజరంలాగా నేల నుంచి లేపి, వాటి చుట్టూ రాయి కప్పేయాలి. పైకి అంతా రాయే కనిపిస్తుంది. తప్పు కట్టినా భయం లేదు, విప్పితే సామాను మొత్తం వెనక్కొచ్చేస్తుంది.

మామూలు చెక్క ఇంటికి కొత్తవాళ్లు ఇబ్బంది పడేది రెండు చోట్ల. ఒకటి, పొగ. లోపల మంట పెట్టి పైకప్పు మూసేస్తే పొగ నిండి హెల్త్ పోతుంది. కొనదగ్గర కప్పులో సందు వదిలి, దాని పైన కొంచెం ఎత్తులో ఇంకో చిన్న కప్పు వేయండి. పొగ పక్కల నుంచి పోతుంది, వాన లోపల పడదు. వాన పడితే క్యాంప్‌ఫైర్ ఆరిపోతుంది. రెండు, క్యాంప్‌ఫైర్ చెక్క నేల మీద నిలవదు, మట్టి మీదే పెట్టాలి. కాబట్టి నేల పరిచేటప్పుడు మధ్యలో ఒక గడి వదిలేయండి.

కొట్లాటకు వద్దాం. ఏమీ తినకుండా ఉంటే మీ హెల్త్ 25. ఆకలితో చావరు గానీ, తిండే మీ బలం. ఒకేసారి మూడు రకాలు తినొచ్చు. ఒకే రకం మూడుసార్లు తినలేరు. ఇంట్లో మంట దగ్గర, కప్పు కింద కాసేపుంటే రెస్టెడ్ అనే బలం వస్తుంది: స్టామినా (పరిగెత్తడానికి, కొట్టడానికి వాడే ఓపిక) రెట్టింపు వేగంతో నిండుతుంది, హెల్త్ 50 శాతం వేగంగా పెరుగుతుంది. కంఫర్ట్, అంటే ఇంటి సౌకర్యం లెక్క, 1 ఉంటే ఈ బలం 8 నిమిషాలు, ఆ పైన ఒక్కో లెవెల్‌కు ఒక్కో నిమిషం. కంఫర్ట్ పెంచేది మంచం, కుర్చీ, బల్ల, తోలు పరుపు, జెండా లాంటివి. కుర్చీలే నాలుగు పెడితే పెరగదు, వేరువేరు రకాలు కావాలి. అంటే మీరు ఇల్లు సర్దుకునే తీరు రేపటి యుద్ధంలో మీ ఊపిరి ఎంత సేపు ఆగుతుందో తేలుస్తుంది. గోడ, మంచం, కత్తి మూడూ ఒకే తాడు మీద ఉన్నాయి.

డాలుతో దెబ్బ తగిలే క్షణానికి ముందు బ్లాక్ నొక్కితే ప్యారీ. ఎదుటివాడు తూలిపోతాడు, తూలినప్పుడు దెబ్బ రెట్టింపు. పెద్ద టవర్ డాలుతో ప్యారీ రాదు, కొత్తవాళ్లు పెద్దది కదా అని అదే చేసుకుని చిక్కుల్లో పడతారు. మూడో బాస్ బోన్‌మాస్‌కు కత్తి, బాణం పెద్దగా పనిచేయవు, ఇనుప గద కావాలి. విషం తగ్గించే మీడ్ అనే పానీయం కోసం 10 తేనె, 5 థిసిల్ మొక్కలు, నెక్ అనే జంతువు తోక ఒకటి, 10 బొగ్గు కలిపి ఫర్మెంటర్‌లో పెట్టండి, ఆరు సీసాలొస్తాయి. పులియడానికి టైమ్ పడుతుంది, ఫర్మెంటర్‌కు కప్పు కూడా ఉండాలి. బాస్ దగ్గరికి బయల్దేరేటప్పుడు మొదలుపెడితే లాభం లేదు.

బాస్‌లు చచ్చే కొద్దీ ఇంటి మీదికి వచ్చే మూకలు మారతాయి. ట్రోల్ వస్తే చెక్క గోడ నిలవదు. చుట్టూ లోతుగా కందకం తవ్వడమే చౌకైన కాపలా, గునపం ఒక్కటుంటే చాలు. వర్క్‌బెంచ్ చుట్టూ 20 మీటర్లలో మామూలుగా శత్రువులు పుట్టరు, కాబట్టి పెరట్లో, రేవులో కూడా ఒక్కో బెంచ్ వేసి ఉంచండి. ఒక్కోదానికి 10 కలపే.

ఒక అభ్యంతరం ఉంది. రాగి, ఇనుము లాంటి లోహాలు పోర్టల్‌లోంచి (దూరం క్షణంలో దాటించే ద్వారం) పోవు. పడవలో మోయాలి, బండిలో లాగాలి. కొంతమందికి అదే గేమ్, కొంతమందికి అదే విసుగు. కాలేజీ నుంచి వచ్చి గంట సేపు ఆడుకునే వాళ్లకు ఇది భారమే. 2023 నుంచి ప్రపంచం సెట్టింగుల్లో ఈ నియమం తీసేసే వీలుంది, మొహమాటపడకుండా తీసేయండి.

చస్తే ఏమవుతుందో త్వరగా చెప్పేస్తా. మైన్‌క్రాఫ్ట్‌లో సామాను నేల మీద పడుతుంది, మీరు దగ్గర్లో ఉన్న లెక్కన 5 నిమిషాలకు మాయం. టెరారియా సాఫ్ట్‌కోర్‌లో నాణేలే పోతాయి. వాల్‌హైమ్‌లో సమాధి రాయి కింద అంతా భద్రం, కానీ స్కిల్స్ 5 శాతం తగ్గుతాయి.

ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండే తమ్ముళ్ల కోసం కంప్యూటర్ సంగతి. టెరారియా ఎంత పాత ల్యాప్‌టాప్ మీదైనా నడుస్తుంది, ఫోన్‌లో కూడా ఉంది. వాల్‌హైమ్‌కు విడిగా గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్ లేకుండా దిగొద్దు. మైన్‌క్రాఫ్ట్ జావాలో రెండర్ డిస్టెన్స్ (ఎంత దూరం కనబడాలనే సెట్టింగు) 16 పెడితే మీ చుట్టూ 1089 చంక్‌లు, అంటే ప్రపంచపు ముక్కలు, 8 పెడితే 289. సగం తగ్గిస్తే పని నాలుగో వంతుకు దగ్గరవుతుంది. ముందు అది తగ్గించి, ఫ్యాబ్రిక్ (మోడ్‌లను నడిపించే సాధనం) మీద గేమ్ వేగం పెంచే సోడియం మోడ్ వేసి, అప్పటికీ నడవకపోతే కొత్త ర్యామ్ గురించి ఆలోచించండి. మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో ఏ గేమైనా ఎఫ్‌పీఎస్‌ను (సెకనుకు తెర మీద వచ్చే బొమ్మల లెక్క) 60కి కట్టేయండి, లేకపోతే ల్యాప్‌టాప్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

డబ్బులు పెట్టలేని వాళ్లకు లువాంటీ అనే బ్లాకుల గేమ్ వేదిక ఉంది. 2024 దాకా మైన్‌టెస్ట్ అనేవాళ్లు. ఉచితం, ఓపెన్ సోర్స్. దాంట్లో వోక్సెలిబ్రే అనే గేమ్ దించుకుంటే మైన్‌క్రాఫ్ట్ వాసన బాగానే వస్తుంది.

నలుగురు కలిసి ఆడాలంటే మైన్‌క్రాఫ్ట్ జావాలో ఒకే వైఫై మీద ఓపెన్ టు ల్యాన్ నొక్కితే చాలు. టెరారియాలో హోస్ట్ అండ్ ప్లే, పోర్టు 7777. కలవకపోతే ముందు విండోస్ ఫైర్‌వాల్‌లో గేమ్‌కు ప్రైవేట్ నెట్‌వర్క్ అనుమతి ఉందో లేదో చూడండి. కొన్ని హాస్టల్ వైఫైల్లో ఒక ల్యాప్‌టాప్‌కు ఇంకోటి కనబడకుండా కట్టేసి ఉంటారు, అప్పుడు ఒకరి ఫోన్ హాట్‌స్పాట్ మీదికి అందరూ రండి. వాల్‌హైమ్‌లో ఎవరి కంప్యూటర్ మీద ప్రపంచం ఉందో వాళ్లు ఆడితేనే మిగతావాళ్లు లోపలికి రాగలరు.

అందుకని ఆ ప్రపంచం కాపీ ఇంకొకరి దగ్గర కూడా ఉండాలి. మైన్‌క్రాఫ్ట్ జావాలో సేవ్స్ ఫోల్డర్‌లో మీ ప్రపంచం పేరున్న ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. టెరారియాలో డాక్యుమెంట్స్, మై గేమ్స్, టెరారియా, వరల్డ్స్‌లో డబ్ల్యూఎల్‌డీ ఫైల్. వాల్‌హైమ్‌లో యాప్‌డేటా, లోకల్‌లో (LocalLow అనే ఫోల్డర్), ఐరన్‌గేట్, వాల్‌హైమ్, వరల్డ్స్ లోకల్ అనే ఫోల్డర్‌కు పోతే ఒకే పేరుతో రెండు ఫైళ్లుంటాయి, ఒకటి డీబీ, ఇంకోటి ఎఫ్‌డబ్ల్యూఎల్. రెండూ తీసుకోవాలి. ఒక్కటే తీసుకుంటే ప్రపంచం తెరుచుకోదు, లేదా మీ కట్టడాలేవీ లేకుండా ఖాళీగా తెరుచుకుంటుంది. కాపీ చేసే ముందు గేమ్ పూర్తిగా మూసేయండి, నడుస్తుండగా తీసిన కాపీలో సగం రాసిన ఫైల్ దొరికే ప్రమాదముంది. సాయంత్రం ఆడటం అవ్వగానే పెన్‌డ్రైవ్‌లోకి, తారీఖు పేరు పెట్టి.